దివిసీమ ఉప్పెన దారులు: ప్రాజెక్టు డైరీ

ఆగస్టు: పని ఏంటంటే

తుపాను వస్తోందని తెలిశాక కృష్ణా జిల్లా దివిసీమలో ఏ ఊరి జనం ఏ దారిన, ఎన్ని గంటల ముందు బయల్దేరాలో చెప్పే మ్యాప్ ఒకటి తయారుచేస్తున్నాను. వాడేదంతా ఎవరికైనా ఉచితంగా దొరికే డేటాయే. ల్యాప్‌టాప్‌లో మ్యాపులు గీసే క్యూజీఐఎస్, దాని వెనక డేటా దాచే పోస్ట్‌జీఐఎస్, దారులు వెతకడానికి పీజీరౌటింగ్. ఇంజనీరింగ్ కాలేజీలో సర్వేయింగ్ చెప్పే మా బావమరిది సెలవు రోజుల్లో ఓ చెయ్యి వేస్తున్నాడు.

దివిసీమే ఎందుకని ఈ జిల్లాలో ఎవరూ అడగరు. 1977 నవంబరు 19న తుపాను తీరం దాటింది చీరాల దగ్గర. సముద్రం వచ్చి పడింది మాత్రం దివిసీమ మీద. సుమారు 5 మీటర్ల ఉప్పెన. పోయినవాళ్లు పదివేల మందికి పైనే. సొర్లగొంది లాంటి ఊళ్లు కొన్ని గంటల్లో ఊడ్చుకుపోయాయి. 1990 మే 9న దాదాపు అంత బలమైన తుపానే మళ్లీ ఇటు కృష్ణా ముఖద్వారం మీదికే వచ్చింది. అప్పుడు ప్రాణనష్టం వెయ్యి లోపే. ఆ పదమూడేళ్లలో ఉపగ్రహం బొమ్మలు వచ్చాయి, తీరంలో రాడార్లు వచ్చాయి, షెల్టర్లు లేచాయి. అన్నిటికంటే ముఖ్యంగా, జనాన్ని ముందే ఖాళీ చేయించడం అధికారులకి అలవాటైంది.

నీళ్లు ఎక్కడిదాకా రావచ్చో చెప్పేవాళ్లు ఇప్పుడు ఉన్నారు. హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఉప్పెన అంచనాలు ఇస్తుంది, వాతావరణ శాఖ (ఐఎండీ) బులెటిన్లలో ఆ ఎత్తులు కనిపిస్తాయి. నాకు కావాల్సింది దాని తర్వాతి ప్రశ్న. నీళ్లు రాత్రి రెండింటికి వస్తాయంటే ఈ ఊళ్లో ఆఖరి బస్సు ఎన్నింటికి కదలాలి, మొదటి బస్సు ఎన్నింటికి రావాలి? ఎర్రరంగు, పసుపురంగు పూసిన వరద మ్యాప్‌లో దీనికి జవాబు దొరకదు.

సెప్టెంబరు: ఎత్తుల గొడవ

ఎక్కడ పల్లమో ఎక్కడ మెరకో తెలియాలంటే ఎత్తుల డేటా కావాలి. ఉచితంగా దొరికేవి మూడు నాలుగు ఉన్నాయి. 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ స్పేస్ షటిల్ 11 రోజుల ప్రయాణంలో రాడార్‌తో తీసిన ఎస్‌ఆర్‌టీఎం అందరికీ తెలిసిందే. మన కార్టోశాట్-1 జంట ఫొటోల నుంచి తయారైన కార్టోడెమ్ ఇస్రో మ్యాపుల సైటు భువన్‌లో దొరుకుతుంది. జర్మనీ రాడార్ ఉపగ్రహాల నుంచి వచ్చిన కోపర్నికస్ 30 మీటర్ల డేటా వీటిలో కొత్తది, చూడ్డానికి శుభ్రంగానూ ఉంటుంది.

చిక్కేమిటంటే, ఇవన్నీ కొలిచేది నేలని కాదు, పైనుంచి ఏది కనిపిస్తే దాన్ని. కొబ్బరితోట ఉంటే మట్టల ఎత్తు, సరుగుడు తోట ఉంటే కొమ్మల ఎత్తు. కృష్ణా ముఖద్వారం దగ్గరి మడ అడవులు కోపర్నికస్‌లో పొడవాటి గట్టులా లేచి కనిపిస్తాయి. దాని మీద నీళ్లు పారించి చూస్తే ఉప్పెన ఆ గట్టు దాటలేక ఆగిపోయినట్టు బొమ్మ వస్తుంది. లోపలి ఊళ్లన్నీ పచ్చరంగులో హాయిగా ఉంటాయి. మడ అడవి అలల దెబ్బని తగ్గిస్తుందన్నది నిజమే. కానీ నీళ్లు వేళ్ల మధ్య నుంచి, పాయల వెంట లోపలికి వస్తూనే ఉంటాయి. ఆ పచ్చరంగుని నమ్మి ఎవరైనా ఇంట్లో కూర్చుంటే అంతే సంగతులు.

అందుకని ఫ్యాబ్‌డెమ్‌కి మారాం. కోపర్నికస్ డేటాలోంచి చెట్లనీ ఇళ్లనీ మెషీన్ లెర్నింగ్‌తో తీసేసి బ్రిస్టల్ విశ్వవిద్యాలయం వాళ్లు తయారుచేసిన వెర్షన్ ఇది. వ్యాపారానికి వాడకూడదన్న షరతుంది, మాకు ఇబ్బంది లేదు. ఎంతవరకు నమ్మొచ్చో చూడటానికి 2018లో నాసా ఎగరేసిన ఐస్‌శాట్-2 లేజర్ కొలతలు దించుకున్నాం. ఆ ఉపగ్రహం ఎక్కడపడితే అక్కడ కొలవదు. అది వెళ్లిన గీత వెంట మాత్రమే చుక్కలు ఉంటాయి. ఆ గీతలు కొన్ని నాగాయలంక, కోడూరు మండలాల మీదుగా పోతాయి. పొలాల్లో రెండూ బాగానే కలిశాయి. ఊళ్లు, తోపులు ఉన్నచోట ఫ్యాబ్‌డెమ్ కూడా పూర్తిగా నేలకి దిగలేదు.

ఇక అసలు విషయం. కోపర్నికస్ ఇచ్చే హామీ ఏంటంటే, పదింట తొమ్మిది చోట్ల ఎత్తులో తేడా 4 మీటర్ల లోపే ఉంటుందని. పర్వతాల్లో అది గొప్ప సంగతి. దివిసీమలో చాలాభాగం సముద్రమట్టానికి ఆ నాలుగైదు మీటర్ల లోపే ఉంది. కొలతలో రాగల తప్పే కొలవాల్సిన ఎత్తంత ఉందన్నమాట. నిజానికి చదునైన నేలమీద తప్పు అంతకంటే బాగా తక్కువే వస్తుంది. అయినా 2.1 మీటర్ల ఊరు మునుగుతుందనీ 2.6 మీటర్ల ఊరు తేలుతుందనీ ఈ డేటాతో చెప్పడం జాతకం చెప్పడం లాంటిదే. పైగా ఒక్కో డేటాకి సముద్రమట్టం ఒక్కో లెక్క. ఎస్‌ఆర్‌టీఎంది ఈజీఎం96, కోపర్నికస్‌ది ఈజీఎం2008. సర్వే ఆఫ్ ఇండియా ఎత్తు కొలిచి పెట్టిన బెంచ్‌మార్కులు వీటితో అచ్చంగా కలవవు. వాటిని కలపకుండా ఒకదాని మీద ఒకటి వేస్తే సముద్రం లేనిచోట సముద్రం పుడుతుంది.

బావమరిదికి ఇక్కడే పట్టుదల వచ్చింది. కచ్చితంగా కొలిచే జీపీఎస్ పరికరం డీజీపీఎస్ పట్టుకుని రోడ్ల ఎత్తు కొలుద్దామంటాడు. ముఖ్యమైన దారులకి అది చేద్దాం గానీ ఊళ్లని ఎత్తుని బట్టి విడగొట్టే ఆలోచన మానేద్దామని తేల్చుకున్నాం. పెద్ద తుపానుకి సముద్రంతో నీటిదారి ఉన్న పల్లం అంతా ఒకటే జోన్. ఆ జోన్లో ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది ఎత్తుని బట్టి కాదు, దారిని బట్టి.

నీటిదారి సంగతి కూడా ఒకమాట. ఈ డేటాలో నేలంతా 30 మీటర్ల గడులు. 5 మీటర్ల కంటే తక్కువ ఎత్తున్న ప్రతి గడికీ నీలిరంగు వేసెయ్యడం తేలిక, చాలామంది అదే చేస్తారు. అప్పుడు కరకట్ట వెనక విడిగా ఉన్న గుంట కూడా సముద్రంలో కలిసిపోతుంది. అందుకే సముద్రం గడుల నుంచి మొదలుపెట్టి, పక్కగడి పల్లమైతేనే అందులోకి నీళ్లు దించుతూ పోయాను. కరకట్టలు, కాలువ గట్లు 30 మీటర్ల గడిలో సరిగా కనిపించవు కాబట్టి వాటిని చేత్తో గీసి కలిపాను. తూములు ఉన్నచోట గట్టుకి గండి పెట్టాను. మురుగు కాలువలు మామూలు రోజుల్లో నీళ్లని సముద్రానికి చేరవేస్తాయి. ఉప్పెన రోజున అవే కాలువలు సముద్రాన్ని ఊళ్లోకి తెస్తాయి. ఊరికి సముద్రం ఎంత దూరమన్నది చూశాక ఆ ఊరి పక్క డ్రెయిన్ ఎంత వెడల్పన్నది కూడా చూసుకోవాలి.

అక్టోబరు: మూడు వారధులు

కృష్ణ పులిగడ్డ దగ్గర రెండు పాయలై దివిసీమని మధ్యలో పెట్టుకుని సముద్రంలో కలుస్తుంది. కాబట్టి ఎటు పోవాలన్నా నీళ్లు దాటాలి. పులిగడ్డ దగ్గర దాటి మోపిదేవి, చల్లపల్లి వైపు పోవచ్చు. పెనుమూడి వారధి మీదుగా రేపల్లె వైపు పోవచ్చు. ఉల్లిపాలెం–భవానీపురం వారధి మీదుగా బందరు వైపు పోవచ్చు. సాఫ్ట్‌వేర్‌ని అడిగితే జనాన్ని ఈ మూడిటికీ పంచి పెడుతుంది, ఎవరికి ఏది దగ్గరైతే అటు పంపుతుంది. తెరమీద చూస్తే ముచ్చటగా ఉంటుంది.

ఇప్పుడు దీనిమీద తుపాను పెట్టి చూడాలి. పాత తుపాన్ల దారులన్నీ ఐబీట్రాక్స్ అనే సేకరణలో దొరుకుతాయి. మన వైపు తుపాను గాలి గడియారం ముళ్లకి ఎదురు దిశలో తిరుగుతుంది. తుపాను వాయవ్యంగా తీరానికి వస్తుంటే దాని కుడిపక్క గాలి సముద్రం నుంచి నేల మీదికి కొడుతుంది, నీళ్లని నెట్టుకొస్తుంది. ఎడమపక్క గాలి నేల నుంచి సముద్రం మీదికి పోతుంది. 1977లో తుపాను చీరాల దగ్గర దాటింది కాబట్టి దివిసీమ సరిగ్గా కుడిపక్కన పడింది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర దాటినప్పుడూ మనం కుడిపక్కే. కాకపోతే అది అంత బలమైంది కాదు, దక్షిణం నుంచి తీరం వెంబడి పైకి వచ్చింది. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా నరసాపురం దగ్గర దాటింది, అప్పుడు దివిసీమ ఎడమపక్క. అంటే మనకి అన్నిటికంటే చెడ్డది చీరాల, బాపట్ల, నిజాంపట్నం వైపు దాటే తుపాను.

అదే తుపానుకి పెనుమూడి వారధి దాటి రేపల్లె పోవడమంటే తుపానుకి ఎదురెళ్లడం. ఆ వారధి నది మీద పొడుగ్గా, ఏ అడ్డూ లేకుండా ఉంటుంది. గాలి పెరిగితే మొదట ఆపాల్సిన రోడ్డు అది. ఉల్లిపాలెం వారధి దాటితే వచ్చేది బందరు మండలం తీరప్రాంతం, అది కూడా అదే ఉప్పెన జోన్. కాబట్టి అవసరమైన రోజున మూడు దారుల్లో రెండు లెక్కలోకి రావు. జనమంతా, బస్సులన్నీ, ట్రాక్టర్లన్నీ పులిగడ్డ వైపే. సాఫ్ట్‌వేర్ ఇచ్చిన ముచ్చటైన పంపకాన్ని పక్కనపెట్టి, తుపాను దాటే చోటుని బట్టి వారధులు మూసే మూడు రకాల పరిస్థితులు తయారుచేసుకున్నాను: దక్షిణంగా దాటితే, నెత్తిమీద దాటితే, ఉత్తరంగా దాటితే.

దీనికి తోడు నది వైపు నుంచి కూడా నీళ్లు రావచ్చు. 2009 అక్టోబరులో, 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకి పైగా వదిలారు. 2024 వరదకి యూరప్ ఉపగ్రహం సెంటినెల్-1 రాడార్ బొమ్మలు వాడి చూశాం. మబ్బుల్లోంచి కూడా చూస్తుంది కాబట్టి వరదలకి అది మంచి సాధనం. రాడార్‌లో నిశ్చలమైన నీళ్లు నల్లగా కనిపిస్తాయి. కానీ మన దగ్గర రొయ్యల చెరువులు కూడా నీళ్లే కదా, ఎండాకాలంలో కూడా సగం కోడూరు నల్లగానే ఉంటుంది! వరదకి ముందు, అదే కక్ష్యలో తీసిన బొమ్మతో తేడా తీస్తేగాని కొత్త నీళ్లేవో తెలియవు. కోతయ్యాక ఎండగట్టి మళ్లీ నింపిన చెరువు అప్పుడు కూడా వరదలాగే కనిపిస్తుంది. అలాంటివి చెరువుల ఆకారం చూసి తీసేశాం. నీళ్లు ఎంత నలుచదరంగా ఉంటే అంత అనుమానించాలి.

అక్టోబరు చివర: గట్టు మీద బస్సు

రోడ్లన్నీ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నుంచి తీసుకున్నవే. ఆ గీతలు ఎవరెవరో పుణ్యానికి గీసినవి. పెద్ద రోడ్లు బాగున్నాయి. చిన్న రోడ్లలోనే పని.

మొదట చెయ్యాల్సిన పరీక్ష ఒకటుంది: నెట్‌వర్క్ మొత్తం ఒకే ముక్కగా ఉందా లేదా అని. పీజీరౌటింగ్‌లో దానికో ఫంక్షన్ ఉంది. నడిపితే పెద్ద ముక్క ఒకటి, దాని చుట్టూ చిన్నచిన్న ముక్కలు బోలెడు తేలాయి. అందులో నిజమైన దీవులు కొన్ని. మిగతావి గీతల పొరపాట్లు. తెరమీద రెండు రోడ్లు తాకినట్టే ఉంటాయి. జూమ్ చేసుకుంటూ పోతే చివర మీటరున్నర ఖాళీ కనిపిస్తుంది. ఆ మీటరున్నర వల్ల కంప్యూటర్ లెక్కలో ఆ ఊరికి దారే లేదు. ఇంకొన్ని చోట్ల దీనికి తిరగబడి ఉంది: కాలువ మీద వంతెన లేకపోయినా రోడ్డు గీత కాలువని దాటేసింది. ఉపగ్రహ చిత్రం పక్కన పెట్టుకుని ఒక్కొక్కటే సరిచేసి, తిరిగి ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లోకే ఎక్కిస్తున్నాం.

గీతలు కలిశాక కూడా మిగిలే ప్రశ్నకి ఏ ఉపగ్రహమూ జవాబు చెప్పదు. అందుకే హంసలదీవి, పాలకాయతిప్ప వైపు బండి మీద తిరిగాం. మ్యాప్‌లో మామూలు రోడ్డుగా గుర్తు పెట్టి, ఒక పల్లెకి దగ్గరదారిగా సాఫ్ట్‌వేర్ చూపించిన దారి అసలు రొయ్యల చెరువుల మధ్య గట్టు. రెండు పక్కలా నీళ్లు, గట్టు అంచున వలలు, ఏరేటర్లకి వేసిన కరెంటు వైర్లు. అక్కడ మేత బస్తాలు దించుతున్న పెద్దాయన ఫోన్లో మ్యాప్ చూపిస్తే నవ్వాడు.

"దీని మీద బస్సా బాబూ? ట్రాక్టర్ ఎదురొస్తేనే ఎవరో ఒకరు అర కిలోమీటరు వెనక్కి పోవాలి. వాన పడిందంటే మేమే బండి ఇక్కడే వదిలేసి నడిచిపోతాం."

"మరి తుపాను టైంలో ఎటు పోతారండీ?"

"చుట్టూ తిరిగి కోడూరే. దూరమైనా తారు రోడ్డు. గట్టెందుకు నమ్ముతాం?"

ఆ రోజు నుంచి రోడ్ల పట్టికలో రెండు గడులు కలిపాం: బస్సు పడుతుందా, వాన పడ్డాక కూడా పడుతుందా. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో వెడల్పు, ఉపరితలం రాసే చోటు ఉంది గానీ మన వైపు చాలావరకు ఖాళీ. చెరువుల గట్లని గుర్తుపట్టడానికి ఓ చిట్కా దొరికింది: రెండు పక్కలా 15 మీటర్ల లోపు నీళ్లున్న రోడ్డు ముక్కలన్నీ ఏరితే దాదాపు అవన్నీ గట్లే. వాటిని మొదట బస్సు దారుల్లోంచి తీసేసి, వెళ్లి చూసి బాగున్నవే మళ్లీ చేర్చాం. ఇది చేశాక కొన్ని పల్లెలకి దారి దూరం అమాంతం రెట్టింపైంది. మ్యాప్ అప్పుడు కాస్త నిజం చెప్పడం మొదలుపెట్టింది.

చెట్ల సంగతి కూడా లెక్కలోకి తెచ్చాం. 2014లో హుద్‌హుద్ తర్వాత విశాఖలో రోడ్లమీద పడ్డ చెట్లు నరికితే గాని అంబులెన్సులు కదల్లేదు. మన రోడ్ల పక్కన పాత నిద్రగన్నేరు చెట్లు గాలికి ఎంతసేపు నిలుస్తాయో చెప్పలేం. అలాంటి రోడ్డు ముక్కలకి మామూలు కంటే ఎక్కువ సమయం వేసి, వేరే దారి ఉంటే సాఫ్ట్‌వేర్ అటే పోయేలా పెట్టాం.

నవంబరు: జనం ఎక్కడున్నారు

ఊరివారీగా జనాభా అంటే చేతిలో ఉన్నది 2011 జనగణన. వరల్డ్‌పాప్ వాళ్ల 100 మీటర్ల గడుల అంచనా ఉంది గానీ అదీ జనగణన అంకెలనే ఇళ్ల జాడని బట్టి పరిచేది. గూగుల్ ఓపెన్ బిల్డింగ్స్ నుంచి ఇళ్ల కప్పుల ఆకారాలు తీసుకుని ఊరి జనాభాని వాటి మీద పంచితే పల్లె ఏ మూల ఉందో సరిగ్గా తెలుస్తుంది. రొయ్యల షెడ్డు కూడా ఇల్లే అనుకుంటుంది, మరీ పెద్ద కప్పుల్ని తీసెయ్యాలి.

లెక్కలో పడని జనమే ఎక్కువ కంగారు పెట్టేది. చెరువుల కాపలాకి బయటి ఊళ్ల నుంచి వచ్చి గట్టు మీద గుడిసెలో ఉండే కుటుంబాలు ఏ పంచాయతీ లిస్టులోనూ ఉండవు. తుపాన్ల కాలం, కార్తీక మాసం ఒకటే కావడం ఇంకో చిక్కు. హంసలదీవి సాగరసంగమంలో స్నానాలకి ఆ రోజుల్లో బస్సులు, ఆటోలు దిగుతూనే ఉంటాయి. వాళ్లని వెనక్కి పంపేది అదే రోడ్డు, మనవాళ్లని తేవాల్సింది అదే రోడ్డు. అందుకే ఆ రోడ్డుకి కార్తీకం లెక్క విడిగా పెట్టాం.

నవంబరు: గడియారం

ఈ ప్రాజెక్టులో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే, మ్యాపుల కంటే ఎక్కాలే ఎక్కువ.

ఒక ఊరు తీసుకుందాం. బస్సెక్కాల్సినవాళ్లు 1,200 మంది. బస్సుకి 60 మంది, నాలుగు బస్సులు. చేర్చాల్సిన చోటు 18 కిలోమీటర్లు. వానలో, ఇరుకు రోడ్డు మీద సగటు 25 కిలోమీటర్ల వేగం అనుకుంటే వెళ్లడానికి 43 నిమిషాలు, రావడానికి 43. ఎక్కించుకోవడానికి 25, దించడానికి 10. ఒక్కో తిరుగుడు రెండు గంటలు. మొత్తం 20 ట్రిప్పులు, బస్సుకి అయిదు. ఆఖరిసారి వెనక్కి రానక్కర్లేదు కాబట్టి అది తీసేస్తే 9 గంటల 20 నిమిషాలు.

ఇప్పుడు వెనక నుంచి లెక్క. ఉప్పెన రాత్రి రెండింటికి అనుకుందాం. కానీ బస్సులు రెండింటి దాకా తిరగవు. గాలి గంటకి 60 కిలోమీటర్లు దాటాక జనంతో నిండిన బస్సుని రోడ్డెక్కించకూడదు. పెద్ద తుపానుకి ఆ గాలి నీళ్ల కంటే చాలా గంటల ముందే వస్తుంది. సాయంత్రం ఆరింటికి వచ్చిందనుకుంటే మొదటి బస్సు ఉదయం 8:40కి ఊళ్లో ఉండాలి. చాటింపు వేసి, సంచులు సర్దుకుని, ముసలివాళ్లని లేపి, గేదెల్ని విప్పి జనం రోడ్డు మీదికి రావడానికి మూడు గంటలు వేసుకుంటే, నిర్ణయం ఉదయం అయిదున్నరకి జరిగిపోవాలి. అంటే నీళ్లకి ఇరవై గంటలకి పైగా ముందు. ఐఎండీ లెక్కలో 48 గంటల ముందు సైక్లోన్ అలర్ట్, 24 గంటల ముందు సైక్లోన్ వార్నింగ్ వస్తాయి. వార్నింగ్ వచ్చాక మూడున్నర గంటల్లో కలెక్టరాఫీసు నుంచి ఊరి దాకా మాట అందితేనే ఈ లెక్క నిలుస్తుంది. అదీ ఆ నాలుగు బస్సులూ ఈ ఒక్క ఊరికే కేటాయిస్తే.

మరి కచ్చితంగా ఎక్కడ దాటుతుందో తెలిసేదాకా ఆగితే? తుపాను ఎక్కడ ఉంటుందని 24 గంటల ముందు చెప్పారో ఆ చోటుకీ, నిజంగా అది ఉన్న చోటుకీ డెబ్బై ఎనభై కిలోమీటర్ల తేడా రావడం మామూలే. చీరాలకీ బందరుకీ మధ్య నేరు దూరమే దాదాపు తొంభై. కచ్చితంగా తెలిసేసరికి బస్సుల టైం అయిపోతుంది. అందుకే ఊరూరికీ వేస్తున్న మా షీట్లలో దూరపు పల్లెలు అలర్ట్ దశలోనే కదులుతాయి. తుపాను తప్పిపోతే తిట్లు తప్పవు. ఆ తిట్లు పడటానికి సిద్ధపడ్డ అధికారి ఉంటేనే ఏ మ్యాప్ అయినా పనికొచ్చేది.

సమయం తగ్గించే మార్గాలు ఇదే లెక్కలో పెట్టి చూశాం. బస్సులు ఎనిమిది చేస్తే మూడేసి తిరుగుళ్లు, 5 గంటల 20 నిమిషాలు. ఊళ్లో రెండు చోట్ల ఎక్కించి 25 నిమిషాల్ని 15 చేస్తే 50 నిమిషాలు కలిసొస్తాయి, దీనికి పైసా ఖర్చు లేదు. అదే నాలుగు బస్సులతో 18 కిలోమీటర్లకి బదులు 8 కిలోమీటర్ల దూరంలో గట్టి షెల్టరు ఉంటే మొత్తం ఆరు గంటల లోపే. దగ్గర్లో ఒక మంచి షెల్టరు దాదాపు బస్సుల్ని రెట్టింపు చేసినట్టే. 2011లో మొదలైన జాతీయ తుపాను ముప్పు తగ్గింపు ప్రాజెక్టులో ఆంధ్ర, ఒడిశా తీరాల్లో కట్టిన షెల్టర్ల విలువ ఈ కోణంలో చూస్తే బాగా అర్థమవుతుంది. స్తంభాల మీద లేపి, కింద నీళ్లు పోవడానికి ఖాళీ వదిలి, జనాన్ని పైన ఉంచేలా కట్టినవి. బాగోగులు చూడక తలుపులు ఊడిన షెల్టరు మా లెక్కలో లేనట్టే. చూసి వచ్చినవాటికే మార్కు వేస్తున్నాం.

డిసెంబరు: పంటు దాటాల్సిన ఊళ్లు

ఎదురుమొండి, నాచుగుంట, ఈలచెట్లదిబ్బ వైపు ఊళ్లకి పై లెక్కేదీ సరిపోదు. బస్సు కంటే ముందు పడవ ఉంది. పడవలు ఆగే గాలి, బస్సులు ఆగే గాలి కంటే బాగా తక్కువ. పాయలో కెరటం లేచిందంటే పంటు (జనాన్ని, బళ్లని దాటించే పెద్ద పడవ) ఒడ్డునే కట్టేస్తారు. మోడల్‌లో దీవులకి గడియారం ఆగే టైం విడిగా, చాలా ముందుగా పెట్టాం. దాంతో అవి లిస్టులో అన్నిటికంటే పైకి వచ్చాయి. చాలా లిస్టుల్లో జనాభాని బట్టి పెద్ద ఊళ్లు పైన ఉంటాయి, దీవులు అడుగున పడతాయి.

నాగాయలంక రేవులో వల బాగుచేసుకుంటున్న పెద్దాయన ఒకాయనతో చాలాసేపు కూర్చున్నాం. ఆయన చెప్పినదాంట్లో ఒకటి ఏ డేటాలోనూ లేదు.

"ఆడోళ్లనీ పిల్లల్నీ పంపుతాం బాబూ, దానికేం. మగోళ్లం మాత్రం బోట్లు చూసుకోవద్దా? గాలొస్తోందంటే ముందు బోటుని మడలోకి తోసి తాళ్లేసి కట్టాలి. లక్షల బోటు. ఆ పనయ్యాకే మేం కదిలేది."

"అప్పటికి పంటు ఉంటుందా బాబాయ్?"

"ఎందుకుంటుంది? మా బోట్లోనే రావాల. దాన్నేమో కట్టేశాం."

ఊరు ఊరంతా ఒకేసారి కదులుతుందని లెక్క వేస్తే దీవుల్లో అది అబద్ధం. మగవాళ్లకి రెండో విడత ఉండాలి. వాళ్ల కోసం ఒక పెద్ద బోటు కట్టెయ్యకుండా చివరిదాకా రేవులో ఉండాలి, దాని యజమానికి ముందే భరోసా ఇవ్వాలి. బోట్లు దాచే పాయలు ఎక్కడెక్కడున్నాయో ఆయన వేలు పెట్టి చూపిస్తే మ్యాప్‌లో గుర్తు పెట్టుకున్నాం. వేటకి వెళ్లొద్దన్న మాట రాగానే వాటిలోకి బోట్లు తోలడం మొదలైతే రెండో విడత కూడా గాలికి ముందే ఒడ్డున పడుతుంది. షీటు మీద టైం రాసేటప్పుడు కూడా ఆయన సలహానే తీసుకున్నాం: గంటల లెక్కతో పాటు బందరు రేవులో ఎన్నో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేస్తే ఏం చెయ్యాలో రాయమన్నాడు. రేవు జనానికి ఐఎండీ రంగుల కంటే నంబర్లే నోటికి వచ్చు.

జనవరి: కాగితం

వెబ్ మ్యాప్ చేద్దామని బావమరిది సరదా. తుపాను రోజు కరెంటు ముందే తీసేస్తారు, టవర్లు బ్యాటరీ మీద ఎంతసేపుంటాయో ఎవరికీ గ్యారంటీ లేదు. కాబట్టి ఊరికో ఏ3 కాగితం, రెండు వైపులా. ఒకవైపు ఊరి బొమ్మ: ఎక్కించే రెండు చోట్లు, బస్సు పట్టే దారి నల్లగా, పట్టని గట్లు చుక్కల గీతగా. దారి మలుపుల దగ్గర రోడ్డు నంబర్లు తీసేసి రామాలయం, లాకులు, పెట్రోలు బంక్ అని రాశాం. రెండోవైపు గడియారం: ఉప్పెన టైం అని ఒక గడి, దాని కింద వెనక్కి లెక్కపెట్టిన వరసలు. బస్సుల సంఖ్య గడిని మేం నింపలేదు. నాలుగు బస్సులైతే, ఆరైతే, ఎనిమిదైతే మొదటి బస్సు ఎన్ని గంటల ముందు రావాలో చిన్న పట్టిక వేశాం. ఆ రోజు ఎన్ని బస్సులు దొరికితే ఆ వరస చూసుకోవచ్చు.

ఒక గ్రామ సచివాలయంలో చూపిస్తే అక్కడి ఉద్యోగి కాగితం తిప్పి తిప్పి చూసి, మంచం మీద నుంచి లేవలేనివాళ్ల ఇళ్లు ఎక్కడ రాసుకోవాలని అడిగారు. వాళ్లని ఎత్తుకుని బస్సుదాకా తేవడానికే ఎక్కువ టైం పడుతుందట. పేర్లు మా డేటాలో పెట్టం. బొమ్మ పక్కన ఖాళీ గళ్లు ఇచ్చాం, ఊళ్లోవాళ్లే పెన్నుతో రాసుకుంటారు. ఎక్కించడానికి వేసిన 25 నిమిషాల్ని ఆ ఊళ్లకి 35 చేసి మళ్లీ లెక్క కట్టాలి.

నాగాయలంక మండలం షీట్లు మొదటి విడత ప్రింటుకి సిద్ధం. కోడూరుకి ఉల్లిపాలెం వైపు కల్వర్టుల వెడల్పు టేపు పెట్టి కొలవాల్సి ఉంది, డీజీపీఎస్ అద్దెకి దొరికితే పులిగడ్డ దారిలో పల్లంగా అనిపించిన ముక్కల ఎత్తు కూడా తీసుకుంటాం. సంక్రాంతి వెళ్లాక ఆ పని.